చేతులు గీసిన బొమ్మ: ఒక కేస్ స్టడీ

గీతలు, డబ్బాలు, బాణాలు, పక్కన నాలుగు మాటలు. వృత్తిగా నేను గీసే బొమ్మల్లో ఇంతకు మించి ఏమీ ఉండవు. చెప్పడానికి విషయం ఉండి కూడా ఆన్‌లైన్‌లో దాన్ని జనానికి చేర్చలేకపోతున్నవాళ్ళతో కలిసి పనిచేస్తాను. ఇది అలాంటి ఒక పని గురించి. మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, ఇంకా సాగుతోంది. నాకు ఎక్కువ నేర్పినవి తప్పులే కాబట్టి వాటిని కూడా ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఆవిడ ఒక బ్యాంకులో అప్పుల విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పేరు వద్దన్నారు, అందుకని ఇక్కడ మేడమ్ అనే రాస్తాను. అప్పు తీసుకునేవాళ్ళు దేనికి సంతకం పెడుతున్నారో పెట్టే ముందే తెలుసుకోవాలన్నది ఆవిడ తపన. "కౌంటర్‌లో ఉన్నప్పుడు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పే టైం ఉండేది కాదు బాబూ. ఇప్పుడుంది" అన్నారు మొదటిసారి మాట్లాడినప్పుడు.

అప్పటికే ఆవిడ వారానికి రెండు మూడు పోస్టులు రాస్తున్నారు. అన్నీ చదివాను. తప్పు లేదు, తొందర లేదు, ఎక్కడా బెదిరింపు లేదు. డబ్బు గురించి ఇంత నిదానంగా, ఇంత నిజాయితీగా రాసేవాళ్ళు తక్కువ. అయినా చదివేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళ కామెంట్లు చూస్తే అసలు సమస్య ఏమిటో తెలిసింది. పోస్ట్ మూడో పేరాలో జవాబు ఉన్న ప్రశ్ననే కింద అడుగుతున్నారు. అంటే చదవడానికి వచ్చినవాళ్ళు కూడా మూడో పేరా దాకా చేరడం లేదు, లేదా చేరినా విషయం పట్టుబడడం లేదు.

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "ఐదేళ్ళుగా ఈఎంఐ కడుతున్నాను, అప్పు తగ్గినట్టే లేదు. బ్యాంకు వాళ్ళు లెక్క తప్పు వేశారా?"

మొదటి రెండు నెలలు

ఆ ప్రశ్నకు జవాబుగా నేను మొదట చేసిన బొమ్మ పొడవాటిది. పైన ఇంటి గుర్తు, కింద నాణేల కుప్ప, క్యాలెండర్, క్యాలిక్యులేటర్, రంగులు మారే నేపథ్యం. వాటి మధ్య ఆవిడ పోస్టులోంచి తీసిన ఏడు పాయింట్లు. చూడ్డానికి బాగుంది. మేడమ్‌కి నచ్చింది. తెలిసినవాళ్ళు లైకులు కొట్టారు. ఇలాంటివే రెండు నెలలు చేశాం.

కామెంట్లలో మాత్రం అదే ప్రశ్న. ఒక్క అక్షరం మారలేదు.

ఆ బొమ్మలన్నీ వరుసగా పెట్టుకుని చూశాను. గుర్తులన్నీ తీసేసి మాటలు మాత్రమే ఉంచితే పోయేదేమైనా ఉందా అని ఒక్కొక్కదాన్నీ అడిగాను. దేనికీ ఏమీ పోలేదు. ఇంటి బొమ్మ ఇల్లు అన్న మాటనే మళ్ళీ చెబుతోంది, నాణేల కుప్ప డబ్బు అన్న మాటనే మళ్ళీ చెబుతోంది. ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏది ముందు, ఏది దేన్ని మారుస్తోంది అన్న సంబంధం ఒక్క బొమ్మలోనూ లేదు. చదివేవాళ్ళకు నేను పని తగ్గించలేదు, పెంచాను. ఏడు పాయింట్లతో పాటు ఇప్పుడు నాలుగు గుర్తులు కూడా చూడాల్సి వచ్చింది.

ఈ పరీక్షను ఇప్పటికీ వదలలేదు. మాటలు ఉంచి బొమ్మ తీసేస్తే అర్థం చెక్కుచెదరకుండా ఉందంటే ఆ బొమ్మ అక్కర్లేదు.

ఆవిడ చేతులు

మలుపు ఒక వీడియో కాల్‌లో వచ్చింది. ఈఎంఐ విషయం రాసింది కాకుండా నోటితో చెప్పమని అడిగాను. చెబుతూ చెబుతూ ఆవిడ రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టారు, మధ్యలో జానెడు దూరం. "ఇది నువ్వు కట్టే ఈఎంఐ అనుకో. మొదట్లో ఇంత వడ్డీకే పోతుంది" అంటూ కుడిచేతిని ఆ చివర అలాగే ఉంచి, ఎడమచేతిని కొంచెం లోపలికి జరిపారు. ఎడమచెయ్యి వదిలిన ఆ చిన్న ముక్కే అసలు, అంటే తీసుకున్న అప్పులో తీరే భాగం. తర్వాత ఎడమచేతిని మెల్లగా కుడివైపుకు నెట్టుకుంటూ పోయారు. "పోనుపోను ఇలా అసలు పెరిగి వడ్డీ తగ్గుతుంది. కానీ చాలా నిదానం బాబూ, చాలా నిదానం."

ఆవిడ ఎన్నిసార్లో రాసిన విషయానికి ఆకారం ఆ చేతుల్లో ఉంది. పోస్టుల్లో ఎక్కడా లేదు. కాల్ అవగానే కాగితం మీద అదే గీశాను: ఒకే పొడవున్న అడ్డపట్టీలు కొన్ని, ఒకదాని కింద ఒకటి, ప్రతిదానిలో అసలుకు, వడ్డీకి మధ్య ఒక నిలువు గీత. ఆ గీత కిందికి దిగేకొద్దీ కుడికి జరుగుతుంది.

అప్పటినుంచి ఎవరితో పనిచేసినా ముందు వాళ్ళ రాతలు చదవను. చెప్పమంటాను, చేతులు చూస్తాను. విషయం బాగా తెలిసినవాళ్ళ చేతులు వాళ్ళకు తెలియకుండానే గీస్తుంటాయి. ఒక మెట్టు, ఒక గరాటు, ఒక వలయం, రెండు దూరమయ్యే దారులు. వాళ్ళు రాయడానికి కూర్చోగానే అది మాయమవుతుంది, ఎందుకంటే వాక్యం ఒకదాని తర్వాత ఒకటిగా నడవాలి. చేతులకు ఆ ఇబ్బంది లేదు, రెండు సంగతులను ఒకేసారి పట్టుకోగలవు.

పట్టీల బొమ్మ ఎలా తయారైంది

ముందు లెక్క. 9 శాతం వార్షిక వడ్డీ, 20 ఏళ్ళు, అంటే 240 వాయిదాలు తీసుకున్నాం. మొదటి ఈఎంఐని 100 భాగాలు చేస్తే అందులో 83 వడ్డీ, 17 అసలు. రెండూ సమానమయ్యేది పన్నెండేళ్ళు దాటాక, 148వ వాయిదా దగ్గర. ఇంకో సంగతి నన్ను కూడా ఆశ్చర్యపరిచింది: తీసుకున్న అప్పులో సగం తీరేసరికి 14 ఏళ్ళు గడిచిపోతాయి. ఆరేళ్ళలో మిగతా సగం తీరుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. మిగిలి ఉన్న అసలు మీదే ప్రతి నెలా వడ్డీ లెక్కిస్తారు, మొదట్లో మిగిలింది ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ. అంతే.

మొదటి చిత్తులో ముక్కలుగా కోసిన గుండ్రాలు, అంటే 'పై' చార్టులు పెట్టాను, ఏడాదికొకటి. ఐదో ఏడాదికీ ఎనిమిదో ఏడాదికీ తేడా కనిపించలేదు. ఇది నా చేతకానితనం కాదు, మన కంటి తీరే అది. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది: ఒకే గీత మీద పేర్చిన పొడవులను మనం చాలా సరిగ్గా పోల్చగలం, కోణాలను పోల్చడంలో తడబడతాం. అందుకే పట్టీలు. అన్నీ ఎడమవైపు ఒకే గీత దగ్గర మొదలవ్వాలి.

ఇరవై ఏళ్ళకు ఇరవై పట్టీలు గీస్తే ఫోన్‌లో దువ్వెనలా ఉంది. ఐదుకు తగ్గించాం: మొదటి నెల, 5వ ఏడు, 10వ ఏడు, 15వ ఏడు, చివరి నెల. ఈ తగ్గింపు దగ్గర మేడమ్ ఒప్పుకోలేదు. "మిగతా పదిహేనేళ్ళు ఏమయ్యాయని అడగరా?" అన్నారు. ఆవిడ భయం న్యాయమైనదే. లెక్కల మనిషికి అంకె వదిలేయడమంటే అబద్ధం చెప్పినట్టే అనిపిస్తుంది. అప్పుడు ఆవిడకు లండన్ భూగర్భ రైలు మ్యాప్ చూపించాను. 1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ దాన్ని గీసినప్పుడు స్టేషన్ల మధ్య అసలు దూరాలను వదిలేశాడు. వంకర దారులను నిటారుగా, అడ్డంగా, 45 డిగ్రీల వాలుగా మార్చేశాడు. మరీ కొత్తగా ఉందని మొదట తిప్పి పంపారు. 1933లో అచ్చు వేస్తే జనం వెంటనే అందుకున్నారు. రైల్లో ఉన్న మనిషికి కావాల్సింది ఎక్కడ దిగాలి, ఎక్కడ మారాలి అన్నదే. వదిలేసినదేదీ ఆ ప్రశ్నకు అడ్డం రాలేదు. ఆవిడ కాసేపు చూసి, "అయితే మన బొమ్మ ప్రశ్న ఏది?" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి బొమ్మ వెనకా ఆ ప్రశ్న రాసి పెట్టుకుంటున్నాం. ఈ బొమ్మది: ఎందుకు తగ్గినట్టు లేదు?

రంగులు రెండే. అసలుకు ముదురు నీలం, వడ్డీకి బూడిద రంగు. ముందు ఎరుపు, ఆకుపచ్చ అనుకున్నాం. ఆ రెండింటినీ విడదీసి చూడలేని కళ్ళు చాలామందికి ఉంటాయి, ముఖ్యంగా మగవాళ్ళలో. పైగా ఎరుపు పెడితే వడ్డీ ఏదో నేరం అన్నట్టు చెప్పినట్టవుతుంది, ఆ మాట మేము అనడం లేదు. మూలన విడిగా ఏ రంగు దేనికో చెప్పే పెట్టె తీసేసి, 'వడ్డీ', 'అసలు' అన్న మాటలు పట్టీల మీదే రాశాం. కన్ను పట్టీకీ పెట్టెకీ మధ్య తిరుగుతున్నంతసేపు బుర్ర విషయం మీద ఉండదు. శీర్షిక మాత్రం మేడమ్ నోటి మాటే: "మొదట్లో మీరు కట్టేది ఎక్కువగా వడ్డీ."

బొమ్మను కంప్యూటర్‌లో చూసి సరే అనుకోకూడదని చిత్తులప్పుడే తెలిసింది. ప్రతిదాన్నీ ఫోన్‌కి పంపుకుని, చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చదువుతాను. చదవలేకపోతే అక్షరాలు పెంచను, మాటలు తగ్గిస్తాను. సైజు 1080 పిక్సెళ్ళ వెడల్పు, 1350 పిక్సెళ్ళ ఎత్తు. నిలువుగా ఉంటే ఫోన్ స్క్రీన్‌లో ఎక్కువ చోటు దక్కుతుంది.

ఇంకొకటి. బొమ్మ మన చెయ్యి దాటాక క్యాప్షన్ దాని వెంట వెళ్ళదు. ఎవరో వాట్సాప్ గ్రూపులో ఉత్త బొమ్మే వేస్తారు. అందుకే '9 శాతం వడ్డీ, 20 ఏళ్ళు, వడ్డీ రేటు మారకపోతే' అన్న షరతునూ, ఆవిడ పేజీ పేరునూ బొమ్మలోనే కింద చిన్నగా పెట్టాం. పేరు పెట్టింది గొప్ప కోసం కాదు, సందేహం వచ్చినవాళ్ళు ఎక్కడికి రావాలో తెలియడం కోసం. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది ఆ చిన్న అక్షరాలు చదివే వచ్చామని తర్వాత చెప్పారు.

బొమ్మ పెట్టిన రోజు లైకులు మామూలుగానే వచ్చాయి. సేవ్‌లు, షేర్లు మాత్రం అంతకుముందు ఏ పోస్టుకూ రానంత వచ్చాయి, వారం దాటినా ఆగలేదు. నేను ఎదురు చూసింది కామెంట్ల కోసం. "లెక్క తప్పు వేశారా" అన్న ప్రశ్న పోయి ఇంకో ప్రశ్న వచ్చింది: "నాది ఏడో ఏడు నడుస్తోంది మేడమ్, ఇప్పుడు కొంత ముందుగా కడితే ఎంత లాభం?" తమ పట్టీ ఎక్కడుందో వాళ్ళే వెతుక్కున్నారు. బొమ్మ పనిచేసిందనడానికి నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ ప్రశ్నే రెండో బొమ్మయింది. అదే అప్పుకు మొదటి ఏడాది చివర ఒక ఈఎంఐ అదనంగా కడితే, చివర్లో ఐదుకు పైగా ఈఎంఐలు తగ్గిపోతాయి. పదిహేనో ఏడాది చివర అదే పని చేస్తే తగ్గేది ఒకటిన్నర. రెండు వరసల చిన్న డబ్బాలు, ఒక వరసలో ఐదింటికి కొట్టివేత గీతలు, రెండో వరసలో ఒకటిన్నరకు. అంతే బొమ్మ. తర్వాత బొమ్మ ఏది గీయాలో మేము ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు. ముందు బొమ్మ కింద వచ్చిన ప్రశ్న చూస్తే చాలు. ఫాలోవర్లు పెరగడం వెనక ఉన్నది కూడా ఇదేనని నా నమ్మకం. తమ ప్రశ్నకు జవాబు బొమ్మగా రావడం చూసినవాళ్ళు పేజీని వదిలిపెట్టరు.

రెండు తప్పులు

పొదుపు రెట్టింపు కావడం గురించి ఒక బొమ్మ వేశాం. 8 శాతం చొప్పున పెరిగితే ఏ మొత్తమైనా సుమారు 9 ఏళ్ళలో రెట్టింపవుతుంది, 72ని వడ్డీ రేటుతో భాగిస్తే వచ్చే అంకె అది. చిన్న గుండ్రం, పక్కన దానికి రెట్టింపు వెడల్పున్న గుండ్రం గీశాను. ఒక పాఠకురాలు, లెక్కల టీచరట, మర్యాదగా రాశారు: "వెడల్పు రెండింతలు చేస్తే గుండ్రం నాలుగింతలు అవుతుంది కదండీ. మీ బొమ్మ నాలుగింతలని చెబుతోంది."

నిజమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు విషయంలో ఆశ పెంచే వైపు తప్పు చేయడం చిన్న సంగతి కాదు. పొద్దున్నే బొమ్మ తీసేసి, తప్పు ఎక్కడుందో చూపిస్తూ సరైనది పెట్టాం. కొత్తదాంట్లో ఒకే సైజు డబ్బాలు: ముందు ఒకటి, పక్కన రెండు. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1920ల్లో వియన్నాలో ఓటో న్యూరాత్ తన మ్యూజియంలో మామూలు జనానికి గణాంకాలు చూపించడానికి ఇదే నియమం పెట్టుకున్నాడు: ఎక్కువ అని చెప్పాలంటే గుర్తును పెద్దది చేయకూడదు, అదే గుర్తును ఎక్కువసార్లు వేయాలి. ఆ నియమం నాకు ముందే తెలుసు. గుండ్రం అందంగా ఉందని పక్కన పెట్టాను.

రెండో తప్పు ఇంకా లోతైంది, ఎందుకంటే అది విజయంలా కనిపించింది. ఒక వారం సమయం లేక, రెండు డబ్బాలు గీసి మధ్యలో బాణం వేశాం. ఒక డబ్బాలో 'క్రమశిక్షణ', రెండో దాంట్లో 'స్వేచ్ఛ'. అప్పటిదాకా మా బొమ్మల్లో అన్నిటికంటే ఎక్కువ షేరైంది అదే. ఫాలోవర్లు ఒక్కసారిగా పెరిగారు. నేను సంతోషించాను. మేడమ్ సంతోషించలేదు. "ఇందులో మనం ఏం చెప్పాం బాబూ? అప్పుల్లో మునిగి ఉన్నవాడికి క్రమశిక్షణ లేదనే కదా అర్థం? వడ్డీ రేటు పెరిగి ఈఎంఐ కట్టలేనివాళ్ళు ఎంతమందిని చూశానో నాకు తెలుసు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ బాణానికి పొడవు లేదు, అంకె లేదు, షరతు లేదు. అది తప్పని ఎవరూ నిరూపించలేరు, అందుకే అందరికీ నచ్చింది. ఆ బొమ్మ చూసి వచ్చినవాళ్ళు తర్వాతి పట్టీల బొమ్మ దగ్గర ఆగలేదు కూడా. అంకె పెరిగింది కానీ మాట్లాడేవాళ్ళు పెరగలేదు. ఆ తరహా బొమ్మలు మానేశాం. అవి వేసి ఉంటే పేజీ ఇప్పటికి ఎంతో పెద్దదై ఉండేదన్నది నిజం. ఆవిడ కోరుకున్న పేజీ అది కాదు.

బొమ్మ ఒక్కటే సరిపోదని తెలిసిన సందర్భం కూడా ఒకటుంది. పట్టీల బొమ్మ చూసి ఒకతను, "అంటే బ్యాంకు ముందే వడ్డీ అంతా లాగేసుకుంటుందన్నమాట" అని రాశాడు, దానికి చాలామంది అవునన్నారు. బొమ్మ ఏం జరుగుతుందో చూపించింది, ఎందుకు జరుగుతుందో చూపించలేదు. ఆ ఖాళీని చూసినవాళ్ళు తమ కోపంతో నింపుకున్నారు. అప్పటినుంచి ప్రతి బొమ్మ కింద మేడమ్ నాలుగైదు వాక్యాలు రాస్తున్నారు, మొదటి వాక్యం 'ఎందుకంటే'తో మొదలవుతుంది. ఆవిడ పాత పొడుగు పోస్టులు కూడా వృథా పోలేదు. బొమ్మ చూసి ఇంకా తెలుసుకోవాలనుకున్నవాళ్ళు వాటిని ఇప్పుడు చివరిదాకా చదువుతున్నారు. చూపు లేనివాళ్ళ ఫోన్ చదివి వినిపించేలా బొమ్మకు వివరణ రాయడం కూడా ఆవిడే చూసుకుంటారు. ఆ వివరణ రెండు వాక్యాల్లో రాయలేకపోతే బొమ్మలో విషయాలు ఎక్కువయ్యాయని ఆవిడే నాకు తిప్పి పంపుతారు.

ఇప్పుడు

వారానికి ఒక్క బొమ్మే వేస్తున్నాం. అవే రెండు రంగులు, అదే అక్షరం, పేరు అదే మూలన. ఎవరైనా స్క్రోల్ చేస్తూ పోతుంటే చదవకముందే ఇది ఆవిడదని తెలుస్తుంది. పేజీ నిదానంగా పెరుగుతోంది. అప్పుల గురించి సలహాలిచ్చే కొందరు ఆ పట్టీలను తమ దగ్గరికి వచ్చేవాళ్ళకు చూపిస్తున్నామని, అనుమతి కావాలని రాశారు. మేడమ్ అందరికీ ఇచ్చారు, షరతు అంకెలు చెరపకూడదన్నది ఒక్కటే నియమం.

పోయిన నెల ఆవిడే ఒక బొమ్మ గీసి పంపారు, రూళ్ళ కాగితం మీద బాల్ పెన్నుతో. 6 శాతం చొప్పున ధరలు పెరిగితే 12 ఏళ్ళలో ఈ రోజు డబ్బుకు సగం సరుకే వస్తుందన్నది విషయం. ఒక సంచి నిండుగా, పక్కన అదే సంచి సగం. గీతలు వంకరగా ఉన్నాయి. నేను మళ్ళీ గీయడానికి కూర్చుని, రెండు సంచులూ ఒకే సైజులో ఉన్నాయని, నింపిన ఎత్తు మాత్రమే మారిందని గమనించాను. ముట్టుకోలేదు. ఫోటో తీసి అలాగే పెట్టాం.

ఇంకొకరి అప్పుకు హామీ సంతకం పెట్టడం గురించి ఒక బొమ్మ ఎన్నో వారాలుగా ఆగి ఉంది. అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, చిత్తులు పది దాకా వేశాను, ఏదీ నిలవలేదు. మొన్న మళ్ళీ వీడియో కాల్ చేసి చెప్పమన్నాను. ఆవిడ చాలాసేపు చెప్పారు. చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి. వచ్చే వారం మళ్ళీ అడుగుతాను.